ఆయిల్ మీద నెపం

మంచు మీద నడిచే బండి స్నోమొబైల్ కొన్న ప్రతివాడికీ షోరూములోనే మంత్రోపదేశం జరిగిపోతుంది: "కంపెనీ ఆయిలే పొయ్యండి. వేరేది పోస్తే వారంటీ పోతుంది." అమెరికాలో మిన్నెసోటా, మిషిగన్ రాష్ట్రాలకు వెళ్లినా, కెనడాలో క్యూబెక్‌కు వెళ్లినా ఇదే మాట వినిపిస్తుంది. ముందు కొన్నవాళ్లు తర్వాత కొనేవాళ్లకు అదే అప్పజెబుతారు. ఎవరి ఇంజిన్ అయినా సీజ్ అయిందని తెలిస్తే చాలు, "ఏం ఆయిల్ పోశాడట?" అన్న ప్రశ్నే అందరి నోటా ముందు వస్తుంది.

ఈ నమ్మకంలో రెండు ముక్కలున్నాయి. కంపెనీ పేరున్న ఆయిల్ తప్ప మరేదీ పనికిరాదన్నది మొదటిది. ఇంజిన్ పోయిందంటే తప్పు ఆయిల్‌ది, అంటే దాన్ని పోసినవాడిది అన్నది రెండోది. మొదటి దాంట్లో సగం నిజం ఉంది. రెండోది వర్క్‌షాపుల సౌకర్యం కోసం చలామణీ అవుతున్న సాకు.

ముందుగా ఆ సగం నిజం సంగతి చూద్దాం. ఇక్కడ మాట్లాడుతున్నది టూ-స్ట్రోక్ ఇంజిన్ ఉన్న స్నోమొబైళ్ల గురించి. టూ-స్ట్రోక్ బళ్లు మనవాళ్లకు కొత్తేమీ కాదు. చేతక్ స్కూటరుకు బంకులో పెట్రోలుతోపాటు 2టీ ఆయిల్ కొలిచి పోయించుకున్నవాళ్లూ, ఆర్‌ఎక్స్ 100కు ఆయిల్ ట్యాంకు విడిగా నింపుకున్నవాళ్లూ ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. నాసిరకం లూజు ఆయిల్ ఎంత పొగ కక్కిస్తుందో వాళ్లకు తెలుసు. ఢిల్లీ బంకుల్లో, గ్యారేజీల్లో లూజు 2టీ ఆయిల్ సరఫరాను ఆ ఏడాది చివరికల్లా ఆపెయ్యాలని 1998లో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది. కాబట్టి ఏ ఆయిలైనా ఒకటేనని నేను వాదించడం లేదు.

టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ పడే కష్టం అలాంటిది. కారులో లాగా కింద సంపులో నిలవ ఉండి తిరిగి తిరిగి పనిచేసే అవకాశం దానికి లేదు. వెళ్లిన ప్రతి చుక్కా క్రాంకు బేరింగులనూ, పిస్టన్‌నూ, సిలిండర్ గోడనూ ఒక్కసారి తడిపి, పెట్రోలుతోపాటే కాలిపోయి బయటికి పోతుంది. కాలాక మసి మిగిల్చిందా, రింగులు గాడుల్లో బిగుసుకుంటాయి, ఎగ్జాస్ట్ వాల్వులు అంటుకుపోతాయి. ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ 98 సీసీ, 11 హార్స్‌పవర్. ఈనాటి స్నోమొబైల్ ఇంజిన్ స్కీ-డూ 850 ఈ-టెక్ రెండు సిలిండర్లతో, నిమిషానికి దాదాపు 8 వేల చుట్లు తిరుగుతూ 165 హార్స్‌పవర్ దాకా లాగుతుంది. పైగా ఇది నడిచేది గడ్డకట్టే చలిలో. మిన్నెసోటాలో టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. అంతటి చలి రోజూ ఉండదు గానీ, ఆ ప్రాంతంలో మైనస్ 25, మైనస్ 30 మామూలే. ఆ చలికి ఆయిల్ తేనెలా చిక్కబడితే పంపు దాన్ని లాగలేదు. లాగకపోతే బేరింగులకు దిక్కులేదు.

అందుకే ఆయిల్ ఎంచుకోవడానికి కొలతలు పెట్టారు. జపాన్ వాహన ప్రమాణాల సంస్థ జాసో పద్ధతి ప్రకారం టూ-స్ట్రోక్ ఆయిళ్లను ఇంజిన్‌లో పోసి నాలుగు రకాలుగా పరీక్షిస్తారు: అరుగుదలను ఎంత ఆపుతుంది, లోపల ఎంత శుభ్రంగా ఉంచుతుంది, ఎంత పొగ వదులుతుంది, ఎగ్జాస్ట్ దారిని ఎంత పూడుస్తుంది. ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అన్న గ్రేడ్లు అలా వచ్చినవే. ఎఫ్‌డీకి శుభ్రత పరీక్ష అన్నిటికన్నా కఠినం. ఐఎస్ఓ వాళ్ల ఈజీడీ దానికి దీటైన గ్రేడు. పడవల మోటార్ల కోసం పెట్టిన టీసీ-డబ్ల్యూ3 వేరే జాతి. నీటితో చల్లబడుతూ తక్కువ వేడిలో నడిచే మోటార్ల కోసం, బూడిద మిగలకుండా తయారుచేసిన ఆయిల్ అది. చవగ్గా వస్తుందని దాన్ని తెచ్చి స్నోమొబైల్‌లో పోసేవాళ్లూ ఉన్నారు. అది తప్పే. అయితే ఆ తప్పు డబ్బా మీద వేరే కంపెనీ పేరు ఉన్నందువల్ల వచ్చింది కాదు. లోపలున్న ఆయిల్ ఈ పనికి తయారైంది కాకపోవడం వల్ల వచ్చింది.

సరైన గ్రేడు, చలికి పారే గుణం, పెట్రోలులో కలిసే గుణం ఉన్న ఆయిల్‌ను కంపెనీ పేరు లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చే హక్కు ఎవరిచ్చారు? స్నోమొబైల్ కంపెనీలేవీ ఆయిల్ శుద్ధి కర్మాగారాలు నడపవు. వాళ్లు ఫలానా గుణాలతో కావాలని రాసిస్తే ఆయిల్ తయారుచేసేవాళ్లు కలిపి ఇస్తారు. రాసిచ్చిన ఆ గుణాలను కొన్నవాడికి కూడా చెబితే సరిపోతుంది కదా! ఇంజిన్‌ను తమ ఆయిల్‌తోనే పరీక్షించామంటారు. పరీక్షించారు సరే, అది వాళ్ల ఆయిల్ మంచిదనడానికి రుజువవుతుంది గానీ మిగతావన్నీ చెడ్డవనడానికి కాదు.

దీనికి ఒక గట్టి జవాబు ఉంది, దాన్ని దాటవెయ్యను. 2009 మోడల్‌తో స్కీ-డూ తెచ్చిన ఈ-టెక్ ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. క్రాంకుకేసులోకి వెళ్లేవి ప్రధానంగా గాలీ, ఆయిలే. పాత బళ్లలో లాగా పెట్రోలు కలిసిన ఆయిల్ లోపలంతా కడుగుతూ పోదు. ఆయిల్ కూడా చాలా తక్కువ మోతాదులో, కంప్యూటర్ లెక్క ప్రకారం వెళుతుంది. అందువల్ల ఈ ఇంజిన్లకు ఆయిల్ విషయంలో మరింత పట్టింపు ఉండాలన్న మాట న్యాయమైనదే. అలాంటి బండి ఉన్నవాడు ఆ రకం ఇంజిన్లకు సరిపోతుందని స్పష్టంగా రాసిన ఆయిలే కొనాలి. అక్కడ కూడా చూడాల్సింది డబ్బా మీది గ్రేడునీ, దేనికి పనికొస్తుందో రాసిన వాక్యాన్నీ. బొమ్మని చూసి కొనక్కర్లేదు.

ఇక చట్టం. అమెరికాలో 1975 నుంచీ మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. ఫలానా బ్రాండు వస్తువు వాడితేనే వారంటీ వర్తిస్తుందని షరతు పెట్టకూడదని అది చెబుతుంది. పెట్టాలంటే ఆ వస్తువును ఉచితంగా ఇవ్వాలి. లేదా అది లేకపోతే యంత్రం సరిగ్గా పనిచెయ్యదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌ను ఒప్పించి మినహాయింపు తెచ్చుకోవాలి. ఇలాంటి షరతుల మీద ఆ కమిషన్ 2018లో కొన్ని కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. 2022లో హార్లే-డేవిడ్‌సన్ మీద చర్య తీసుకుని, బయటి విడిభాగాలు వాడితే వారంటీ పోతుందన్నట్టు ఉన్న మాటల్ని మార్పించింది. మోటారుసైకిల్‌కు వర్తించిన న్యాయం స్నోమొబైల్‌కు వర్తించకపోదు. బయటి ఆయిల్ వల్లే ఇంజిన్ పాడైతే ఆ రిపేరుకు కంపెనీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. అయితే అలా పాడైందని చూపించాల్సిన బాధ్యత వారంటీ కాదన్నవాడిదే. క్యూబెక్‌లో చట్టం వేరు. అక్కడి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువు దాని ధరకూ, వాడకానికీ తగినంత కాలం మన్నాలి. కంపెనీ రాసిచ్చిన వారంటీ అయిపోయినా ఈ హక్కు పోదు.

షోరూములో చెప్పే మంత్రంలో ఈ సంగతులేవీ ఉండవు.

అసలు దెబ్బ తగిలేది రిపేరు దగ్గర. మిన్నెసోటాలోని డులూత్‌లో ఉద్యోగం చేసే మా అన్నయ్య కొడుకు ఒక శీతాకాలం ఫోన్ చేశాడు.

"బాబాయ్, వేరే ఆయిల్ పోశానని వారంటీ ఇవ్వమంటున్నారు."

"ఇంజిన్ విప్పి చూశారా?"

"హెడ్ తీశారట."

"పిస్టన్ నీకు చూపించారా?"

"ఫొటో కూడా పంపలేదు. ఆయిల్ డబ్బా పేరు మాత్రం రెండుసార్లు అడిగారు."

విప్పిన ఇంజిన్‌లో పిస్టన్ ఎదురుగా ఉండగా డబ్బా పేరు అడగడమేమిటి? ఏం జరిగిందో పిస్టన్ మీదే రాసి ఉంటుంది. నడినెత్తిన చిల్లు పడిందంటే లోపల మంట అదుపు తప్పిందన్నమాట: పెట్రోలు మంచిది కాకో, మిశ్రమం పలచబడో. ఎగ్జాస్ట్ వైపే గీరుకుపోయిందంటే వేడి పెరిగింది, ఎక్కడి నుంచో గాలి దూరుతోంది. నాలుగు మూలలా నాలుగు గీతలు పడ్డాయంటే చల్లటి ఇంజిన్‌ను వేడెక్కనివ్వకుండా లాగించారన్నమాట: పిస్టన్ త్వరగా ఉబ్బింది, సిలిండర్ ఇంకా ఉబ్బలేదు. ఆయిల్ అందకపోతే చుట్టూ గీరుకుపోతుంది, కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు వేడికి నీలంగా మారుతుంది, క్రాంకుకేసు పొడిగా ఉంటుంది. అప్పుడు కూడా తప్పు బ్రాండుదని తేలదు. పంపు పాడై ఉండవచ్చు, గొట్టంలో గాలి నిలిచి ఉండవచ్చు, పాత బళ్లలో పంపు కేబుల్ సర్దుబాటు తప్పి ఉండవచ్చు.

మావాడు పట్టుబట్టి పిస్టన్ చూశాడు. నాలుగు మూలలా గీతలు. కింద బేరింగు ఆయిల్‌తో నిగనిగలాడుతోంది. పొద్దున్నే స్టార్ట్ చేసి, వెంటనే గడ్డకట్టిన చెరువు మీద ఫుల్ థ్రాటిల్ ఇచ్చానని వాడే ఒప్పుకున్నాడు. వారంటీ రాలేదు, రాకూడదు కూడా. అయితే అసలు కారణం తెలిసింది. డీలరు మాట నమ్మి కంపెనీ ఆయిల్‌కు మారి, అలవాటు మాత్రం మార్చుకోకుండా ఉంటే వచ్చే చలికి మరో పిస్టన్ పోయేది.

ఆయిల్ మీదికి నెపం నెట్టడంలో అతి పెద్ద నష్టం ఇదే. క్రాంకు సీలు కారుతూ గాలి పీలుస్తుంటే కొత్త పిస్టన్ వేసి, కంపెనీ ఆయిల్ నింపి, బిల్లు కట్టించి పంపిస్తారు. కారుతున్న సీలు అలాగే ఉంటుంది. మళ్లీ సీజ్ అవుతుంది. క్రాంకుకేసుకు కొద్దిపాటి గాలి ఒత్తిడి పెట్టి, అది నిలుస్తుందో జారుతుందో చూసే చిన్న పరీక్షతో ఇది తెలిసిపోతుంది. మంచు లేని గట్టి ఐసు మీద నడిపితే బండి కింద ఉండే కూలర్లకు మంచు తగలదు, ఇంజిన్ కాగిపోతుంది. అది కూడా ఆయిల్ లెక్కలోనే పడుతుంది. ఇవన్నీ చూడ్డానికి టైము పడుతుంది, ఆ టైముకు కంపెనీ ఇచ్చేది అంతంతమాత్రం అంటారు డీలర్లు. ఇబ్బంది నిజమే కావచ్చు. ఆ లెక్క డీలరూ కంపెనీ తేల్చుకోవాలి. మధ్యలో బండి యజమాని జేబు ఎందుకు?

డీలర్లందరూ మోసగాళ్లని అనడం లేదు. చేతిలో పిస్టన్ పెట్టి, ఇదిగో ఇక్కడ చూడండి అని చూపించే మెకానిక్కులు ఉన్నారు. అలాంటివాళ్ల దగ్గర కంపెనీ ఆయిల్ కొన్నా నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా చూపించకుండా తేల్చేసే తీర్పు మీద.

కాబట్టి బండి ఉన్నవాళ్లకు చెప్పేది ఇదీ. మాన్యువల్‌లో ఆయిల్ గురించి రాసిన పేజీ చదవండి. దానికి సరిపోయే గ్రేడు, చలికి ఆగే గుణం ఉన్నదే కొనండి. నచ్చితే కంపెనీదే కొనండి, భయపడి మాత్రం కొనకండి. ఒక రకంలో ఇంకో రకం కలపకండి. రసీదులు దాచండి. పొద్దున్నే ఇంజిన్ వేడెక్కాకే కదలండి. ఇంజిన్ పోయిందంటే ట్యాంకులో మిగిలిన ఆయిల్‌లో కాస్త సీసాలో పట్టి ఉంచండి, రేపు పరీక్షకు పనికొస్తుంది. పాత భాగాలు మీకే ఇవ్వమని రిపేరు మొదలుపెట్టకముందే చెప్పండి. ప్రెజర్ టెస్ట్ చేశారా, ఇంజిన్ కంప్యూటర్‌లో ఏం నమోదైంది అని అడగండి. వారంటీ కాదన్నవాణ్ని, ఏ ఆయిల్‌లో ఏ లోపం ఏ భాగాన్ని ఎలా పాడుచేసిందో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. రాసిస్తే దాన్ని పట్టుకుని కంపెనీతో మాట్లాడవచ్చు. రాసివ్వనంటే ఆ రిపేరు బిల్లు మీద మీరు సంతకం పెట్టకండి.