చలికి మార్కులా?

"ఈ డిసెంబరులో లంబసింగి పోదామండీ, ఆంధ్రా కాశ్మీరట!" అని పక్కింటావిడ నా ప్రాణం తోడేస్తోంది. నిరుడు నేనూ ఎగబడి వెళ్లినదాన్నే. చింతపల్లి దగ్గర, మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉన్న ఊరు. రాత్రయితే కొండవాలు మీది గాలి చల్లబడి, బరువెక్కి, లోయలోకి జారి అక్కడే పేరుకుంటుంది. తెల్లారేసరికి పొగమంచులో ఎదుటి మనిషి కనబడడు.

స్వెట్టర్లు, శాలువాలు, మంకీ క్యాపులతో దిగాం. "సున్నా డిగ్రీలన్నారు, ఏదీ?" అని మావారి సణుగుడు, టిక్కెట్టు కొన్న సినిమాలో ఫైటింగు లేనట్టు! రోడ్డువార టీ కాస్తున్న ముసలమ్మ పలచటి చీరకొంగు చెవులకు చుట్టుకుని నవ్వింది.

"మీకైతే ఒక్క రేత్రే గదమ్మా!" అంది.

నాకు చెంప ఛెళ్లుమంది. ఆ ఊరికి అక్కడివాళ్ల పేరు కొర్రబయలు. ఆరుబయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని దానికి అర్థం చెబుతారు. అది పేరు కాదు తల్లీ, హెచ్చరిక! దాన్ని చెరిపేసి మనం 'ఆంధ్రా కాశ్మీర్' అని బోర్డు కట్టాం. ఒక డిగ్రీ తగ్గితే మనకు పండగ. చంటిపిల్లను ఒళ్లో దాచుకుని రాత్రంతా నిప్పు ఎగదోసే తల్లికో?

వెళ్లొద్దనను. వెళ్లండి, ఆవిడ దగ్గర టీ తాగండి, బేరమాడకండి. "చలి చాల్లేదు" అని మాత్రం అనకండి. గీజరు నీళ్లు కాస్త చల్లారితే ఇల్లెగరగొట్టే మనమా, ఇంకొకరి చలికి మార్కులు వేసేది?