రాత్రి ట్రాంలో రేవు దాకా

శాన్‌ఫ్రాన్సిస్కో చూసొచ్చిన మనవాళ్లను కదిపితే గోల్డెన్‌గేట్ వంతెన గురించి చెబుతారు. దాని ముందు తీయించుకున్న ఫొటో కూడా చూపిస్తారు. ఆ ఊరంటే నాకు ఇష్టం కలగడానికి కారణం వేరే. అక్కడ రాత్రి తొమ్మిదింటికి కారు ఊసెత్తకుండా బయల్దేరి నీటి ఒడ్డు దాకా పోవచ్చు.

కాస్ట్రో దగ్గర ఎఫ్ లైను ట్రాం ఎక్కుతాను. ఏ బండి వస్తుందన్నది ఆ పూట అదృష్టం. 1940ల నాటి అమెరికన్ బండి రావచ్చు. లేదా మిలాన్ నుంచి తెచ్చిన 1928 నాటి బండి రావచ్చు. అందులో పొడవాటి చెక్క బల్లలుంటాయి, ఎదుటివాళ్ల ముఖాలు చూస్తూ కూర్చోవాలి. పని దిగిన హోటల్ కుర్రాడు, కునికిపాట్లు పడే పెద్దాయన, మ్యాపు విప్పిన పర్యాటకులు అందరూ ఒకే బల్ల మీద సర్దుకుంటారు. మార్కెట్ స్ట్రీట్ పొడవునా అద్దాల మేడలు, వాటి గుమ్మాల్లో దుప్పట్లు ముసుగుతన్ని పడుకున్న మనుషులు. కారులో వెళ్లేవాడు ఈ రెండోది చూడకుండా తప్పించుకోగలడు. ట్రాంలో వెళ్లేవాడికి ఆ వెసులుబాటు లేదు.

ఫెర్రీ బిల్డింగ్ దగ్గర దిగి నడక మొదలెడతాను. 1898లో కట్టిన రేవు భవనం ఇది. 1936లో బే బ్రిడ్జి వచ్చేదాకా ఆవలి ఒడ్డున ఉన్న బర్కిలీ నుంచి ఊళ్లోకి రావాలంటే పడవే దిక్కు. బర్కిలీలో చదువుకుంటూ గదర్ పార్టీలో చేరిన మన దరిశి చెంచయ్య కాలంలోనూ అంతే. ఇప్పుడు భవనం వెనక గాంధీజీ విగ్రహం ఉంది. కర్ర పట్టుకుని నడుస్తున్న గాంధీ. రాత్రి పూట నడిచేవాడికి మంచి తోడు.

ఈ నడక ఒకప్పుడు ఇంత హాయిగా ఉండేది కాదు. 1950ల చివర ఈ భవనం ముఖం మీదుగా రెండంతస్తుల ఫ్లైఓవర్ కట్టారు. ఊరికీ నీటికీ మధ్య కాంక్రీటు గోడ లేచింది. కూల్చేద్దామా అని 1986లో అడిగితే ఓటర్లు వద్దన్నారు. 1989 అక్టోబరు భూకంపం దాన్ని బీటలు వేయించింది. బాగుచేద్దామన్నవాళ్లకు కొదవ లేదు. బేరాలు పడిపోతాయని చైనాటౌన్ వ్యాపారులు గగ్గోలు పెట్టారు. మేయర్ ఆర్ట్ ఆగ్నోస్ మాత్రం కూల్చివేతకే నిలబడ్డారు. 1991లో ఫ్లైఓవర్ కూలడం మొదలైంది. అదే ఏడాది ఎన్నికల్లో ఆయనా ఓడిపోయారు. వ్యాపారుల కోపం అందుకు ఒక కారణమంటారు. ఫ్లైఓవర్ పోయిన చోట 2000లో ట్రాం పట్టాలు ఫిషర్‌మన్స్ వార్ఫ్ దాకా చేరాయి.

కారు లేనివాడి కోసం పదవి పోగొట్టుకున్న నాయకుడి కథ మనకు వింతగానే ఉంటుంది. మనం ఎదురుదారిలో నడిచినవాళ్లం. మద్రాసులో 1895లోనే ఎలక్ట్రిక్ ట్రాం పరుగెత్తింది. 1953 ఏప్రిల్లో ఆగింది. ఆ అక్టోబరులోనే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు దక్కలేదన్న బాధ మన పెద్దలు జీవితాంతం చెప్పుకున్నారు. ట్రాం పోయిందన్న బాధ ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు. బొంబాయి 1964లో వదిలించుకుంది. చివరిదాకా పట్టుకుని ఉన్న కలకత్తాలోనూ మైదాన్ దగ్గరి ఒక్క చిన్న మార్గమే ఉంచుతామని 2024లో ప్రభుత్వం చెప్పింది. రద్దీకి ట్రాం అడ్డమట! ట్రాం పోయిన ఊళ్లలో రద్దీ తగ్గిందా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు.

నడక చివర పియర్ 39 దగ్గర చీకట్లో అరుపులు వినిపిస్తాయి. సముద్ర సింహాలు. భూకంపం తర్వాత కొద్ది నెలలకే అవి ఇక్కడి పడవల రేవులో తిష్ట వేశాయి. పడవల యజమానులు ఫిర్యాదు చేశారు. చివరకు ఊరే సర్దుకుంది, వాటిని ఉండనిచ్చింది.

కాసేపు రెయిలింగ్ పట్టుకుని ఆ గోల వింటాను. వెనక గంట మోగుతుంది. కాస్ట్రో వెళ్లే బండి. పరుగెత్తక్కర్లేదు, డ్రైవరు చూశాడు, ఆగుతాడు.