శాలువా ఎవరికి కప్పాలి?

మార్చి 8 దగ్గరపడుతోందంటే మా కాలనీ మహిళా మండలిలో ఒకటే హడావిడి. ముగ్గుల పోటీ, వంటల పోటీ, కుర్చీలాట, అన్నీ అయ్యాక ‘ఉత్తమ మహిళ’ పురస్కారం. పురస్కారమంటే పెద్దదేం కాదండీ. ఒక శాలువా, ఒక జ్ఞాపిక, చందాలు వేసుకుని పోగుచేసిన 5,116 రూపాయలు. అయినా పదిమందిలో పేరు పిలిచి శాలువా కప్పితే ఆ సంతోషమే వేరు. రోజంతా వంటింట్లో తిరిగే మనకి చప్పట్లు వినపడేది ఎప్పుడు చెప్పండి!

ఈసారి ఎంపిక చేసే ఐదుగురిలో నన్నూ వేశారు. ఇంటర్‌తో చదువు ఆపేసిన నాకు ఇంత పెద్దరికమా అని లోపల్లోపల పొంగిపోయాను కూడా. మావారైతే “పప్పులో ఉప్పు చూసినట్టు చూసి చెప్పెయ్, అంతేగా” అన్నారు. అంత తేలికైతే ఈ వారం మీతో చెప్పుకోవలసిన పనే లేదు.

చివరికి రెండు పేర్లు మిగిలాయి. ఒకావిడ పెద్దింటి మనిషి. చలికాలంలో దుప్పట్లు పంచుతారు, అన్నదానాలు చేయిస్తారు. పేపర్లో ఫొటోలు కూడా పడ్డాయి. రెండో ఆమె మా వీధి చివర ఇడ్లీ బండి నడుపుతుంది. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఒంటరిగా ఉంటోంది. 2021లో కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు మా వీధిలో ఆరిళ్లవాళ్లు మంచాలెక్కారు. అయినవాళ్లే గుమ్మం తొక్కడానికి భయపడ్డ రోజులవి. ఆ ఆరిళ్ల గేట్లకీ పొద్దున్నే ఇడ్లీ పొట్లాలు వేలాడేవి. డబ్బులిస్తామంటే “ముందు లేవండి, తర్వాత చూద్దాం” అనేది.

ఆమె పేరు చదవగానే మాలో ఒకావిడ నెమ్మదిగా అంది. “మనిషి మంచిదే కానీ వదినగారూ, క్యారెక్టర్ కూడా చూసుకోవాలి కదా. మొగుణ్ణి వదిలేసి వచ్చేసిందట. రాత్రి తొమ్మిదింటికి కూడా బండి దగ్గర మగాళ్లే ఉంటారట.” అంతే, అందరం తలలు దించుకున్నాం. మళ్లీ కలిసినప్పుడు తేలుద్దామని లేచిపోయాం.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ ఆరిళ్లల్లో మాదీ ఒకటి. జ్వరంతో నోరు చేదెక్కిపోయి ఉన్నప్పుడు ఆమె ఇడ్లీ తిని లేచినదాన్ని. అయినా ఆ మాట వచ్చినప్పుడు నా నోరు పెగల్లేదు. ఆ రాత్రి ముద్ద దిగలేదు.

మంచం మీద దొర్లుతూ ఆలోచించాను. రెండేళ్ల కిందట ఉగాదికి మా కాలనీలో ఒక పెద్దాయనకి సన్మానం చేశారు. ఆయన ఇంట్లో భార్యతో ఎలా ఉంటాడని ఎవరైనా అడిగారా? అడగలేదు. మగవాడి క్యారెక్టర్ అంటే మాట మీద నిలబడ్డాడా, డబ్బు దగ్గర సరిగ్గా ఉన్నాడా అని. ఆడదాని క్యారెక్టర్ అంటే మాత్రం మొగుడితో ఉందా లేదా, ఎన్ని గంటలకి ఇల్లు చేరింది అని. మాట ఒకటే, కొలత పాత్రలు మాత్రం రెండు. సోలతో కొలిచేది ఒకరికి, తవ్వతో కొలిచేది ఇంకొకరికి!

మాది కాకినాడ కదండీ. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు గుర్తొచ్చారు. 1923లో ఇక్కడ కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టిక్కెట్టు లేనివాళ్లని లోపలికి పంపకూడదని 14 ఏళ్ల ఆ పిల్లకి పని అప్పగించారు. నెహ్రూ గారు వస్తే ఆయన్నీ ఆపేసింది! నిర్వాహకులు కోప్పడితే, మీరు చెప్పినట్టే చేశానంది. వాళ్లు టిక్కెట్టు కొన్నాకే లోపలికి వదిలింది. నెహ్రూ గారు ఆ పిల్లని మెచ్చుకున్నారు కూడా. మరి ఆవిడకి ఎనిమిదో ఏట చేసిన పెళ్లిని పెద్దయ్యాక వద్దనుకున్నారు. 1953లో చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఆంధ్ర మహిళా సభ పెట్టారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు, 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. మా మండలి కొలతతో కొలిస్తే ఆవిడకి మా 5,116 రూపాయలు కూడా దక్కేవి కావు! ఈ మాట తట్టగానే లేచి కూర్చున్నాను.

తెల్లారాక, మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని అడిగాను. ఆ పెద్దింట్లోనూ తనే చేసేది. ముందు నసిగింది. “మీరడిగారు కాబట్టి చెప్తన్నానండి అమ్మగారూ. స్టీలు గిన్నె పోయిందని రెండు నెలల జీతం ఆపేశారండి. గిన్నె వాళ్లింట్లోనే దొరికింది. జీతం మాత్రం రాలేదండి” అంది. ఒక పక్క మాట విని తీర్పు చెప్పకూడదని ఆ పెద్దావిడ దగ్గరికే వెళ్లాను. ఆవిడ మొహం చిన్నబోయింది. “నిజమేనండీ, గిన్నె దొరికాక ఆ సంగతే మర్చిపోయాను” అన్నారు. ఆ సాయంత్రమే పిల్లని పిలిపించి డబ్బు చేతిలో పెట్టారు. ఆవిడ చెడ్డమనిషని నేననను. కానీ దుప్పట్లు పంచడం గుర్తుండి, మన ఎంగిలి గిన్నెలు తోమిన చెయ్యి మర్చిపోవడం ఉంది చూశారూ, క్యారెక్టర్ తేలేది అక్కడ.

కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి, ప్రైవేటు ట్యూషన్లు చెప్పుకున్న టీచర్లు పనికిరారని నిబంధనల్లోనే ఉంది. అది చాలా నచ్చింది నాకు. ఏ పనికి మెచ్చుకుంటున్నామో ఆ పనిలో నిజాయితీ ఉందా అని చూడాలన్నమాట. మనకీ అలాంటిదొకటి ఉంటే బావుండునని నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకున్నాను. మీ ఊళ్లో మండళ్లకి పనికొస్తాయేమో చూడండి.

ఒకటి, చేతికొచ్చిన పదిమంది డబ్బుకి లెక్క చెప్పిందా?

రెండు, తనకి తిరిగి ఏమీ ఇవ్వలేనివాళ్లతో, అంటే పనివాళ్లతో, ముసలివాళ్లతో, కోడలితో ఎలా ఉంటుంది?

మూడు, ఫొటో తీసేవాళ్లు లేని రోజు కూడా ఆ పని చేసిందా? ఎన్నాళ్లుగా చేస్తోంది?

నాలుగు, తప్పు జరిగితే ఒప్పుకుని దిద్దుకుందా?

అడగకూడనివి కూడా ఉన్నాయండోయ్. మొగుడితో ఉందా, ఏం కట్టుకుంటుంది, ఏ కులం అన్నవి మనకి అనవసరం. అలాగని ‘సొంత విషయం’ అని అన్నీ వదిలెయ్యకూడదు. కట్నం కోసం కోడల్ని ఏడిపించినా, పెళ్లాన్ని కొట్టినా అది ఇంకొకరికి చేసిన అన్యాయం. ఆడైనా మగైనా దాన్ని అడిగి తీరాలి. అయితే ‘అట’ అన్న మాట మాత్రం లెక్కలోకి రాకూడదు. కళ్లారా చూసినవాళ్లు చెప్పాలి. ఎవరి మీద చెప్పారో వాళ్ల మాటా వినాలి.

మళ్లీ కలిసినప్పుడు కాగితం తీశాను. చేతులు వణికాయి. ముందుగా “ఆ ఇడ్లీలు నేనూ తిన్నాను, మొన్న నోరు మూసుకోవడం నా తప్పు” అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మాలో పెద్దావిడ పిన్నిగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ “మా గేటుకీ కట్టిందమ్మా” అన్నారు. చేతులెత్తితే మూడు ఇటు, రెండు అటు. ఇడ్లీ బండి అమ్మాయే గెలిచింది.

ఆ రోజు ఆమె సభకి ఆలస్యంగా వచ్చింది. మర్నాటికి పిండి రుబ్బుకుని వచ్చిందట. శాలువా కప్పి మైకిస్తే “రేపు పొద్దున్న కూడా బండి ఉంటుందండి” అని దిగిపోయింది. అందరం నవ్వాం. చప్పట్లు మాత్రం ఆగలేదు. ఆ పెద్దింటావిడ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. క్యారెక్టర్ మాటెత్తిన ఆవిడ మాత్రం సభకి రాలేదు, నాతో ఇంకా ముభావంగానే ఉంది. ఉగాది పచ్చడి పట్టుకుని నేనే వాళ్లింటికి వెళ్దామనుకుంటున్నాను. వంద గజాల దూరంలో ఉండి ఎన్నాళ్లని మాట్లాడకుండా ఉంటాం!

మరి మీ ఊళ్లో శాలువా ఎవరికి కప్పుతున్నారు? కప్పేముందు ఆ ఇంట్లో గిన్నెలు తోమే మనిషినీ ఒక మాట అడిగి చూడండి. ఏమంటారు?