సంపాదకుని మాట: ముందు చదువు, తర్వాతే చర్చ

2004లో జెఫ్ బెజోస్ అమెజాన్ పైస్థాయి సమావేశాల్లో పవర్‌పాయింట్ వద్దన్నారు. బదులుగా విషయాన్ని పూర్తి వాక్యాల్లో రాసి తేవాలి. ఆరు పేజీలు మించకూడదన్న కట్టుబాటు తర్వాత స్థిరపడింది. అందరూ అక్కడే కూర్చుని, మాట్లాడకుండా చదివాకే చర్చ. ముందే చదివి రమ్మనొచ్చుగా? రమ్మంటే చదవకుండానే వచ్చి, చదివినట్టు తలాడిస్తారని ఆయనకు తెలుసు. (మన ఆఫీసులకూ ఆ విద్య కొత్తేం కాదు.)

బుల్లెట్ పాయింట్ల చాటున సగం ఆలోచన దాక్కుంటుంది. వాక్యం రాయాలంటే ఎందుకు, ఎలా అన్నవి తేల్చుకోక తప్పదు. చిన్న సంస్థకు ఒక్క పేజీ చాలు. తేల్చాల్సిందేమీ లేకపోతే మీటింగే దండగ.

ఈ సంచిక ఆఫీసు సమావేశాల మీదే. తీర్మానం రాసుకోకుండా లేచిపోయే అలవాటుపై ఉన్న వ్యాసం ముందు చదవండి. మీ పై అధికారికి చూపిస్తారా, అది మీ ధైర్యం.