వేళ్ళు కోసుకుపోతేనే గిటారా?

కొత్తగా ఎలక్ట్రిక్ గిటార్ కొన్న కుర్రాడు "అన్నా, వేళ్ళు నెప్పి" అంటే మనవాళ్ళ దగ్గర రెడీమేడ్ సమాధానం ఒకటుంది: "కాయలు కాయాలి నాయనా, అప్పుడే విద్య వస్తుంది". బందరులో అడిగినా, గుడివాడలో అడిగినా, అవనిగడ్డలో అడిగినా ఇదే పాట. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మొదటి కొన్ని వారాలు నెప్పి వుంటుంది, కాదనను. కానీ మూడు నెలలైనా ఎఫ్ కార్డ్ పలక్కపోతే అనుమానించాల్సింది వేళ్ళని కాదు, తీగకీ ఫ్రెట్టుకీ మధ్యనున్న ఎత్తుని. దాన్నే యాక్షన్ అంటారు. పన్నెండో ఫ్రెట్టు దగ్గర లావు తీగ కింద 2 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 1.5 మిల్లీమీటర్లు వుంటే హాయిగా వాయించుకోవచ్చు. చవక గిటార్లు 3, 4 మిల్లీమీటర్లతో ఇంటికొస్తాయి. ఆ కుర్రాడు రెండు నెలలు ఏడ్చి గిటార్ని అటకెక్కిస్తాడు, "మనకి సంగీతం రాదులే" అని జీవితాంతం నమ్ముతాడు. పది నిమిషాల స్క్రూడ్రైవర్ పనికి ఎంత పెద్ద శిక్షండీ!

"వాయిద్యం అంటే సరస్వతి, దానికి స్క్రూడ్రైవర్ పెడతావా?" అని ఒక పెద్దాయన నన్నడిగారు. అయ్యా, మన నూజివీడు (2022 దాకా కృష్ణా జిల్లాలోదే) వీణలకి పేరున్న వూరు. వీణకి 24 మెట్లుంటాయి, వాటిని కూర్చోబెట్టేది మైనం, బొగ్గుపొడి కలిపిన ముద్దలో. ఎండకి మైనం కదిలితే, మెట్లు అరిగితే మళ్ళీ మేళం కట్టిస్తారు. అంటే వాయిద్యాన్ని మళ్ళీ మళ్ళీ సరిచేసుకోవాల్సిందేనని మన వీణ చేసేవాళ్ళకి ఎప్పుడో తెలుసు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ అయితే మరో అడుగు ముందుకేసి, ఎనిమిది తీగల మాండొలిన్ వదిలేసి అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించాడు. సరస్వతికి కోపం వచ్చిన దాఖలాలేమీ లేవు :)

రెండో మూఢనమ్మకం ఇంకా ప్రమాదం. తీగ జుయ్యిమంటే చాలు, "ఫ్రెట్లు పోయాయి, ఆకురాయి పట్టిద్దాం, లేదా కొత్తది కొనుక్కో" అనేస్తారు. ఆగండి బాబూ! మెడ చెక్క కదా. హైదరాబాదులో ఏసీ గదిలో ఎండి, వానాకాలంలో దివిసీమ తేమకి వచ్చిపడితే అది వంగదా? అందుకే దాని లోపల ట్రస్ రాడ్ అనే ఇనపకడ్డీ పెట్టారు. 1920ల నుంచీ వున్న ఏర్పాటిది, మనవాళ్ళకి మాత్రం ఇంకా బ్రహ్మరహస్యమే. తీగని మొదటి ఫ్రెట్టు దగ్గరా, మెడ బాడీని కలిసే చోటా నొక్కిపెట్టి ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర చూడండి. ఇంచుమించు విజిటింగ్ కార్డు మందం సందుండాలి. సందు లేకపోతే రాడ్ కాస్త వదులు చెయ్యాలి, ఎక్కువైతే బిగించాలి. ఒక్కసారికి పావు తిప్పు, అంతే. మొరాయిస్తే బలవంతం వద్దు, విరిగితే ఆ మెడ సంగతి మర్చిపోవడమే. బ్రిడ్జి మీది చిన్న మరల జోలికి ఇదయ్యాకే వెళ్ళాలి.

అప్పటికీ ఒక్క చోటే మోగుతుంటే, నేరం మీరు నొక్కిన ఫ్రెట్టుది కాదు, దాని ముందున్నదానిది. ఏటీఎం కార్డు అంచుని మూడు ఫ్రెట్ల మీద ఆనించండి. అటూ ఇటూ వూగితే మధ్యది ఎత్తుగా వున్నట్టే. చాలాసార్లు అది గాడిలోంచి కాస్త పైకి లేచి వుంటుంది, చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా కొడితే కూర్చుంటుంది. ఆకురాయితో అరగదీసిన లోహం మాత్రం తిరిగి రాదు. (ఫ్రెట్లు సాధారణంగా నికెల్ సిల్వర్, అంటే పెళ్ళిళ్ళలో పంచే కుంకుమభరిణెల జర్మన్ సిల్వర్ లాంటిదే. పేరులోనే వెండి. మన ఉప్పుగాలికి పచ్చబడేది అందుకే, అది జబ్బు కాదు, తుడిస్తే పోతుంది.)

తీగల కింద గుంటలు పడ్డ ఫ్రెట్లకి నిజంగానే నిపుణుడు కావాలి, ఒప్పుకుంటాను. అలాగే యాక్షన్ మరీ తగ్గించినా లాభం లేదు. తీగని పక్కకి లాగి గమకం పలికించబోతే పై ఫ్రెట్లకి తగిలి గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. ఎంత ఎత్తు కావాలనేది వాయించేవాడి ఇష్టం. ఆ ఇష్టం తనకుందన్న సంగతైనా కుర్రాడికి చెప్పకుండా "కాయలు కాయాలి" అనేవాళ్ళు ఒక్కసారి వాడి గిటార్ అడిగి పుచ్చుకుని, పన్నెండో ఫ్రెట్టు దగ్గర స్కేలు పెట్టి చూడండి.