కంప్యూటరు గీస్తుంది, ఆలోచించవలసింది విద్యార్థే

రామచంద్రపురం చుట్టుపట్ల గ్రామాల పిల్లలు ఇంజనీరింగు చదువులకు వెళ్తున్నారు. ఇది హర్షణీయం. కౌలు రైతులు సైతం అప్పు చేసి బిడ్డకు కంప్యూటరు కొనిపెడుతున్నారు. ఆ యంత్రంతో బిడ్డ ఏమి నేర్చుకుంటున్నదో తెలుసుకునే హక్కు వారికి ఉన్నది.

ఒకప్పుడు ఇంజనీరింగు డ్రాయింగు అంటే బల్ల, టీ-స్క్వేరు, పెన్సిలు. 1963లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ కంప్యూటరు తెరపై బొమ్మ గీసే విధానం చూపాడు. 1982లో ఆటోక్యాడ్ వచ్చింది. నేడు యంత్రభాగాన్ని తెరపై అన్ని వైపులా తిప్పి చూడవచ్చు. అది ఎంత బరువు మోయగలదో ఇనుము కోయకముందే లెక్క కట్టవచ్చు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఈ సాధనాలు ఊహను కళ్ళకు కట్టిస్తాయి గాని, బొమ్మ పూర్తి కావస్తున్న కొద్దీ దానిని మార్చడానికి మనసు రాదని రాబర్ట్‌సన్, రాడ్‌క్లిఫ్ అనే పరిశోధకులు 2009లో హెచ్చరించారు. మొదట తోచినదే చివరిదైతే కొత్త ఆలోచనకు చోటెక్కడ?

కోతల వేళ వాన పడితే మన రైతు ధాన్యాన్ని రోడ్డు మీద ఆరబోసుకుంటున్నాడు. కాలువల్లో గుర్రపుడెక్క నీటికి అడ్డం పడుతున్నది. చవకగా ధాన్యం ఆరబెట్టే సాధనం, గుర్రపుడెక్క తీసే సాధనం మనకు కావాలి. వాటిని తలపెట్టే విద్యార్థి ముందు కళ్ళంలోను, కాలువ గట్టునా నిలబడాలి. రైతును, మిల్లు మెకానిక్కును అడగాలి. కాగితం మీద నాలుగైదు విధాలుగా గీసి, అట్టతోనో వెదురుతోనో నమూనా చేయాలి. కంప్యూటరు పని ఆ తరువాతనే.

1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని ఆరంభించిన కాటన్ దొర, ఇసుకలో పునాది నిలిపే మెలకువను కావేరిపై పూర్వులు కట్టిన కట్టడాల నుండి గ్రహించాడు. కళ్ళారా చూసి నేర్చుకున్న విద్య డెల్టాకు అన్నం పెట్టింది.

కనుక కళాశాలలు చివరి సంవత్సరం ప్రాజెక్టులను మన ఊళ్ళ సమస్యల నుండి ఎన్నుకోవాలి. బొమ్మ అందానికి గాక, విద్యార్థి ఎన్ని మార్గాలు ఆలోచించాడు, ఏది ఎందుకు వదిలాడు అన్నదానికి మార్కులు వేయాలి. ఫ్రీక్యాడ్ వంటి సాఫ్ట్‌వేరు ఉచితంగానే లభిస్తున్నది గనుక ఖర్చు సాకు చెల్లదు.

తల్లిదండ్రులు కూడా "ఏ సాఫ్ట్‌వేరు నేర్చావు?" అని ఊరుకోక, "దానితో ఏ పని సులువు చేశావు?" అని బిడ్డను అడగాలి. అప్పు చేసి చదివించినవారికి ఆపాటి జవాబు దక్కవలసిందే.