వెనక్కు ఎంచడం శిక్ష కాదు, చదువు

మన పెద్దవాళ్ళకు ఒక గర్వం ఉంది. ఎల్‌కేజీ చదివే పిల్లను చుట్టాల ముందు నిలబెట్టి "వన్ టూ త్రీ చెప్పమ్మా" అంటారు. ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా హండ్రెడ్ దాకా చెప్పేస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. నేను ఆ చప్పట్లకు వ్యతిరేకిని. కోపగించుకోకండి, కారణం చెబుతాను. అదే పిల్లను "నలభై ఏడుకు ముందు ఏముంది?" అని అడిగి చూడండి. మళ్ళీ మొదటికి పోయి ఒకటి నుంచి మొదలుపెడుతుంది, లేకపోతే అమ్మ మొహం చూస్తుంది. అంటే ఆ పిల్లకు వచ్చింది లెక్క కాదు, పాట.

పాటకూ లెక్కకూ తేడా మన శ్రీవిల్లిపుత్తూరు వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆండాళ్ పుట్టిన ఊరు మనది. మార్గళి నెల వస్తే తిరుప్పావై ముప్పై పాశురాలూ తెల్లవారుజామునే చెవిన పడతాయి. అన్నీ కంఠస్థం వచ్చినవాళ్ళను పట్టుకొని "పద్దెనిమిదో పాశురానికి ముందుది ఏది?" అని అడగండి. చాలామంది మనసులో వరసగా పాడుకుంటూ వచ్చి గానీ చెప్పలేరు. పాశురాలకు అది లోపం కాదు, అవి వరసగా పాడుకోవడానికే ఉన్నాయి. అంకెలు అట్లా కాదు. అంకె అనేది మెట్టు లాంటిది. ఎక్కడానికీ పనికి రావాలి, దిగడానికీ పనికి రావాలి. మన గుడి గోపురానికి పదకొండు అంతస్తులు. కింది నుంచి పైకి ఎంచిన పిల్లవాడు పై నుంచి కిందికి ఎంచలేకపోతే వాడికి పదకొండు తెలిసిందని ఎట్లా ఒప్పుకుంటాం?

ఈ విషయంలో రెండు రకాల తప్పు జరుగుతోంది.

మొదటిది అలక్ష్యం. "ముందు వెయ్యి దాకా రానీ, వెనక్కు చెప్పడం తరవాత చూద్దాం" అంటారు. ఆ తరవాత రాదు. మూడో తరగతిలో తీసివేత వచ్చి నెత్తిన కూర్చుంటుంది.

రెండోది ఇంకా చెడ్డది. వెనక్కు లెక్కను శిక్షగా వాడుకోవడం. మాట్లాడినందుకు "నూరు నుంచి ఒకటి దాకా ఐదుసార్లు రాసుకురా" అంటారు. మా వీధిలో ఒకటో తరగతి పిల్ల ఒకతె ఆ శిక్షను ఎట్లా పూర్తిచేసిందో నా కళ్ళతో చూశాను. ముందు 100 వేసింది. దాని కింద 9, 8, 7, 6 అని ఒకట్ల స్థానం నిలువుగా కిందికి రాసుకుంటూ పోయింది. తరవాత పైకి వచ్చి ఆ అంకెల పక్కన పది తొమ్మిదులు, పది ఎనిమిదులు వేసుకుంటూ దిగింది. పావుగంటలో అయిపోయింది. మరుసటి రోజు నోటుబుక్కులో రైటు మార్కు, కింద "వెరీ గుడ్". ఆ పిల్ల నూటిలో ఒక్క అంకె గురించి కూడా ఆలోచించలేదు! ఆమె తెలివిని నేను తప్పుపట్టను. ఆ తెలివికి ఇంతకంటే మంచి పని ఇవ్వలేని మన పద్ధతినే తప్పుపడతాను.

అయితే వెనక్కు ఎంచడం ఎట్లా నేర్పాలి? వస్తువులతో నేర్పాలి. మనకు వస్తువులకు కరువా? కోవిల్‌పట్టి, సాత్తూరు అగ్గిపెట్టెల సీమ. మందు అంటించని పుల్లలు తెచ్చుకుంటే ప్రమాదం కూడా లేదు. పదేసి పుల్లలకు ఒక రబ్బరు వేసి మూడు కట్టలు పిల్లవాడి ముందు పెట్టండి. ముప్పై. ఇప్పుడు "ఒక్కటి తియ్యరా" అనండి. వాడు కట్టలను చూస్తాడు. విడి పుల్ల ఒక్కటీ లేదు. కట్ట విప్పక తప్పదు. విప్పి ఒకటి తీస్తే రెండు కట్టలు, తొమ్మిది విడి పుల్లలు మిగులుతాయి. ఇరవై తొమ్మిది.

ఇక్కడే ఉంది అసలు సంగతి. తొమ్మిది, ఎనిమిది, ఏడు అని దిగడం సులువే. ముప్పై నుంచి ఇరవై తొమ్మిదికి, ఇరవై నుంచి పందొమ్మిదికి దిగే చోట పిల్లలు తడబడతారు. ఆ గడప దాటడానికి ఒక పదిని విప్పాలి. మూడో తరగతిలో "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని మనకు నేర్పే తీసివేత అదే కదా! ఐదారేళ్ళ వయసులో చేత్తో కట్ట విప్పిన పిల్లకు ఎనిమిదేళ్ళకు అప్పు అంటే భయం ఎందుకుంటుంది? కట్ట ఎన్నడూ విప్పని పిల్లకేమో అది ఒక మంత్రం. ఎవరు ఎవరికి అప్పు ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో తెలియదు.

ఇది నేను ఊహించి చెబుతున్న భయం కాదు. మన దేశంలో పల్లెటూళ్ళ పిల్లల చదువును ఇంటింటికీ పోయి పరీక్షించే అసర్ సర్వే ఒకటి ఉంది. అందులో పిల్లలకు ఇచ్చేది రెండంకెల తీసివేత, అదీ అప్పు తెచ్చుకునే లెక్క. 2022లో మూడో తరగతి పిల్లల్లో ఆ లెక్క చేయగలిగినవాళ్ళు నూటికి 25.9 మంది. 2024లో 33.7 మంది. పెరిగింది, సంతోషమే. కానీ మిగతా 66 మంది ఎక్కడ ఆగిపోయారు? ఒకటి నుంచి నూరు దాకా వాళ్ళలో ఎంతోమంది చప్పట్లు కొట్టించుకునే ఉంటారు.

ఇంక భాష సంగతి. ఈ మాట కొందరికి రుచించదు, అయినా చెప్పాలి. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం. అంకె వచ్చేసరికి మాత్రం నోటికి ఇంగ్లీషు వస్తుంది. "ట్వెల్వ్"లో పది ఎక్కడుంది? "థర్టీన్"లో మూడు ముందు, పది వెనక. "ట్వంటీ త్రీ"లో ఇరవై ముందు, మూడు వెనక. పైగా "థర్టీన్", "థర్టీ" చిన్న చెవులకు ఒక్కలాగే వినబడతాయి. తెలుగులో చూడండి. పదకొండు, పన్నెండు, పదమూడు, ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఎప్పుడూ పదులు ముందు, ఒకట్లు వెనక. కట్టలు ముందు, విడి పుల్లలు వెనక. చేతిలో ఉన్నదే నోట్లో ఉంది. తమిళంలోనూ వరస ఇదే. 2006 చట్టం తరవాత ఈ రాష్ట్రంలో పిల్లలందరూ తమిళం చదవాలి. చదువుదాం, దానికీ దీనికీ తగాదా లేదు. ఇంగ్లీషూ రావాలి. కానీ మొట్టమొదట కట్ట విప్పేటప్పుడు పక్కన ఉండవలసింది అవ్వ మాట్లాడే భాష. తెలుగు మీడియం బడిలో కూడా అంకెలు ఇంగ్లీషులోనే అయితే ఇక తెలుగు దేనికి, ప్రార్థన గీతానికా?

"చిన్నపిల్లలు, తికమకపడతారు" అని కొందరు అంటారు. ఏం పడరు. శివకాశిలో అచ్చయిన, రోజుకొక కాగితం చించే క్యాలెండర్ మన ఇళ్ళలో గోడకు వేలాడుతుంది. "దీపావళికి ఇంక ఎన్ని రోజులు?" అని అడగని పిల్ల మన జిల్లాలో ఉందా? నిన్న పన్నెండు, ఇవాళ పదకొండు, రేపు పది. ఎవరూ నేర్పకుండానే ఎంచుతారు, ఒక్కరోజు కూడా తప్పు పోరు. ఎందుకంటే ఆ లెక్క చివర మతాబా ఉంది. 2023 జూలై 14న శ్రీహరికోటలో చంద్రయాన్-3 లేచినప్పుడు టీవీ ముందు కూర్చున్న పిల్లలు కూడా చివరి పది అంకెలు కలిసి అరిచారు. రాకెట్టుకు ఇట్లా వెనక్కు ఎంచడాన్ని జనంలోకి తెచ్చింది 1929లో ఒక జర్మన్ సినిమా. ముందుకు ఎంచితే ఎక్కడ ఆపుతామో చూసేవాళ్ళకు తెలియదు, వెనక్కు ఎంచితే అందరికీ తెలుస్తుంది. చివర ఏముందో తెలిస్తే పిల్లలకు తికమక ఉండదు.

పెద్దవాళ్ళు మాత్రం తక్కువ ఎంచకుండా ఉన్నారా? గడియారం చూసి "పావు తక్కువ ఆరు" అంటాం. సంస్కృతంలో పందొమ్మిదికి ఏకోనవింశతి అని పేరు, అంటే ఒకటి తక్కువ ఇరవై. ఎక్కువ నుంచి తక్కువకు చూడడం మన మాటల్లో ఎప్పటి నుంచో ఉంది. బడిలోనే లేదు.

ఇంకొక లాభం సున్న. ముందుకు ఎంచే పిల్లకు సున్న కనబడదు, ఒకటితో మొదలుపెడుతుంది కాబట్టి. ఐదు కడలమిట్టాయిలు పెట్టి ఒక్కొక్కటే తినమనండి. నాలుగు, మూడు, రెండు, ఒకటి... తరవాత? పిల్ల ఖాళీ చెయ్యి చూపిస్తుంది. ఆ ఖాళీ చేతి పేరే సున్న. డబ్బాలో బియ్యం అయిపోతే "లేవు" అనకూడదని మన అవ్వలు "నిండుకున్నాయి" అంటారు. ఆ మర్యాద బియ్యానికి ఉంచుకుందాం. లెక్కలో మాత్రం లేనిదాన్ని లేదని చెప్పనిద్దాం.

"సిలబస్‌కే టైము చాలడం లేదు" అనే గురువులకు నా విన్నపం ఇది. నేను అడిగేది రోజుకు ఐదు నిమిషాలు. ఎల్‌కేజీలో ఐదు నుంచి, యూకేజీలో పది నుంచి, ఒకటో తరగతిలో ముందు ఇరవై నుంచి, తరవాత ముప్పై నుంచి. ఎప్పుడూ వస్తువులు తీస్తూ, ఎప్పుడూ తెలుగులో మొదలుపెట్టి. మధ్యలో ఆపి "దీనికి ముందేమిటి?" అని అడుగుతూ. ఇంక నూరు నుంచి ఒకటి దాకా రాయించే శిక్షను ఇవాళే ఆపాలి. శిక్షగా వచ్చిన లెక్కను ఏ పిల్లా ఇష్టపడదు.

తోటి విద్యార్థులారా, గురువులనే అడిగి మనం చేతులు కట్టుకొని కూర్చోవడం న్యాయం కాదు. తొమ్మిదీ పదీ చదివే మనం వారానికి ఒక పీరియడ్ ఒకటో తరగతికి పోదాం. ఒక్కొక్కరికి నలుగురు పిల్లలు, మూడు కట్టల పుల్లలు చాలు. ఈసారి చుట్టాలు వచ్చినప్పుడు మన ఇంటి పిల్లను "హండ్రెడ్ దాకా చెప్పు" అనవద్దు. "ముప్పై నుంచి కిందికి దిగు" అందాం. ఇరవై తొమ్మిది దగ్గర ఆగి, ఆలోచించి, తనంతట తానే దిగిందంటే అప్పుడు నేనూ చప్పట్లు కొడతాను.